గుహ ముందు నిలబడి ఎవరిని అడగాలి?

అనంతపురం జిల్లా పడమటి కొసన, కర్ణాటకకు ఆనుకుని ఉంది గుమ్మఘట్ట మండలం. దేశంలో అతి తక్కువ వానలు పడే ప్రాంతాల్లో మన జిల్లా ఒకటి. వేరుశనగ విత్తి మబ్బు కోసం ఎదురు చూడటం, బోరు ఎండితే అప్పు చేసి ఇంకొకటి వేయించటం, అదీ ఎండితే మూటాముల్లె సర్దుకుని బెంగళూరు బస్సెక్కటం ఇక్కడి హిందూ రైతుకూ ముస్లిం రైతుకూ ఒకేలా తెలిసిన బతుకు. మనిషి ఇంతగా కరవుకు చిక్కినచోట మొక్కుబడులు ఎక్కువగా ఉండటంలో వింత లేదు. కొందరు పెనుకొండ బాబయ్య దర్గాకు మొక్కుకుంటారు. కొందరు నార్పల మండలం గూగూడు కుళ్ళాయప్ప పీర్లకు మొక్కుకుంటారు. మరికొందరు సరిహద్దు దాటి, చిత్రదుర్గం మీదుగా చిక్కమగళూరు చేరి, బాబా బుడన్ గిరి కొండ మీది గుహకు పోతారు.

ఈ చివరిదాని గురించి మనం కాస్త వివరంగా మాట్లాడుకోవాలి. ఎందుకంటే ఆ గుహ ఒక్క ముస్లిములది కాదు. హిందువులు దాన్ని దత్తాత్రేయస్వామి పీఠమని నమ్ముతారు. ముస్లిములు దాదా హయాత్ కలందర్ గారు అల్లాహ్ ధ్యానంలో గడిపిన చోటని నమ్ముతారు. ఆ దాదా హయాత్, బాబా బుడన్ ఒకరేననే వారున్నారు, ఇద్దరూ వేర్వేరనే వారూ ఉన్నారు. గుహలో పాదుకలు, దీపం, సమాధులు ఉన్నాయి. ఒకరు తీర్థం పుచ్చుకుంటారు, ఒకరు ఫాతిహా చదివిస్తారు. గుహ బయట టెంకాయ కొట్టేవారు ఒక పక్క, చాదర్ పట్టుకుని నిలబడేవారు ఇంకో పక్క. అంతా ఒకే వరుసలో తల వంచి లోపలికి వెళతారు. ఇలాంటి చోటికి వెళ్ళవచ్చా, వెళితే ఎలా మసలుకోవాలి, అక్కడ ఏమి అడగాలి, ఎవరిని అడగాలి అన్నది మన ఇళ్ళలో నిజంగా ఎదురయ్యే ప్రశ్న.

కొండకూ మన పొలానికీ ఉన్న బంధం

ముందుగా ఒక విషయం. గుమ్మఘట్ట మండలంలోని భైరవానితిప్ప ప్రాజెక్టును మనం బీటీ ప్రాజెక్టు అంటాం. దానికి నీరు తెచ్చేది వేదావతి నది. మనవాళ్ళు హగరి అని పిలిచేదీ దాన్నే. ఈ నది పుట్టింది ఎక్కడో కాదు, ఆ బాబా బుడన్ కొండల్లోనే. వేద, అవతి అనే రెండు ఏర్లు ఆ కొండల తూర్పు వాలున పుట్టి, కిందికి దిగి కలిసి వేదావతి అవుతాయి. దారిలో చిత్రదుర్గం జిల్లాలో 1907లో పూర్తయిన వాణీవిలాస సాగరం ఆ నీటిని నిలుపుకుంటుంది. అది నిండి పొర్లటం అరుదు. 1933లో ఒకసారి పొర్లిన ఆ చెరువు మళ్ళీ పొర్లటానికి 2022 సెప్టెంబరు దాకా ఆగింది, అంటే 89 ఏళ్ళు.

ఈ లెక్క చూస్తే మన పెద్దలు ఆ కొండ వైపు ఎందుకు చూశారో అర్థమవుతుంది. అక్కడ వాన పడితే ఇక్కడ కాలువ పారుతుంది. కాని కొండ మీద వాన కురిపించేది కొండా? గుహా? గుహలో ఎన్నడో కూర్చున్న ఒక మహనీయుడా? ప్రశ్నను ఇలా విడదీసి అడిగితే మన ఇంటి చిన్నపిల్లలు కూడా జవాబు చెబుతారు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, నోటితో అల్లాహ్ అంటూనే చేత్తో చాదర్ పట్టుకుని, మనసులో “బాబా, నా బోరులో నీళ్ళు పడాలి” అని అడిగినప్పుడు వస్తుంది.

ఈ మాట చెప్పగానే ఇళ్ళలో అవ్వలు, దాదీలు కస్సుమంటారని మాకు తెలుసు. “అయితే ఆ పెద్దల్ని మీరు కించపరుస్తున్నారా బేటా?” అని అడుగుతారు. లేదు దాదీ. పుణ్యపురుషుల పట్ల ప్రేమ, గౌరవం విశ్వాసంలో భాగమే. వారి కోసం అల్లాహ్ ను వేడుకోవటం మనకు నేర్పిన పద్ధతే. సమాధుల సందర్శనను మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) మొదట నివారించి, తర్వాత అనుమతించారని, అది మరణాన్ని గుర్తు చేస్తుందని చెప్పారని సహీహ్ ముస్లింలో ఉంది. అక్కడికి వెళ్ళి సలాం చెప్పటం, మరణించిన వారి మన్నింపు కోసం దుఆ చేయటం సున్నత్. వారి కోసం అడగటం వేరు, వారినే అడగటం వేరు. తేడా ఒక్క విభక్తిలోనే కనిపించవచ్చు, కాని తౌహీద్, షిర్క్ ల మధ్య గీత సరిగ్గా అక్కడే పడుతుంది.

ఖుర్ఆన్ చూపిన గుహ

గుహ అనగానే మనకు గుర్తుకు రావలసింది దివ్య ఖుర్ఆన్ లోని 18వ సూరా, సూరె కహఫ్. కహఫ్ అంటేనే గుహ. ఒక దుర్మార్గ సమాజంలో కొందరు యువకులు ఏకైక ప్రభువును విశ్వసించారు. ఊరు ఊరంతా వారి మీద విరుచుకుపడే స్థితి వచ్చింది. వారు గుహలో తలదాచుకున్నారు. అల్లాహ్ వారిని ఏళ్ళ తరబడి నిద్రపుచ్చాడు. మూడు వందలు, మరో తొమ్మిది సంవత్సరాల మాట 25వ ఆయత్ లో ఉంది. పొద్దు పొడిచేటప్పుడు ఎండ వారి గుహకు కుడివైపుగా తొలగిపోయేదని, పొద్దు గుంకేటప్పుడు ఎడమవైపుగా తప్పుకునేదని ఎంత వివరంగా చెప్పాడో గమనించండి. కాని ఆ గుహ ఏ ఊళ్ళో ఉందో మాత్రం చెప్పలేదు.

ఈ మౌనాన్ని మనుషులు భరించలేకపోయారు. క్రైస్తవుల్లో ఈ కథ ‘ఏడుగురు నిద్రితుల’ పేరుతో ఖుర్ఆన్ అవతరణకు ముందే ప్రచారంలో ఉంది. రోమన్ చక్రవర్తి డీసియస్ (క్రీ.శ. 249-251) హింసాకాండలో పారిపోయి దాక్కున్న యువకులు రెండవ థియోడోసియస్ కాలంలో మేల్కొన్నారని వారి కథనం. నేటి టర్కీలోని ఎఫెసస్ దగ్గర ఒక గుహను వారు ఆ స్థలంగా చూపారు, శతాబ్దాల పాటు యాత్రలు చేశారు. ముస్లిములేమీ తక్కువ తినలేదు. టర్కీలోనే తార్సూస్ దగ్గర ఒకటి, అఫ్షిన్ దగ్గర మరొకటి, జోర్డాన్ రాజధాని అమ్మాన్ పొలిమేరలో ఇంకొకటి, డెమాస్కస్ పక్కన ఖాసియూన్ కొండ మీద వేరొకటి, అన్నీ గుహవాసుల గుహలే! పడుకున్నది ఒక్క గుహలో, యాత్రలేమో నాలుగైదు గుహలకు. యువకులు ముగ్గురా, ఐదుగురా, ఏడుగురా అని వాదించుకునే వారి గురించి ఖుర్ఆన్ 22వ ఆయత్ లో ప్రస్తావించి, ఆ వాదంలోకి లోతుగా దిగవద్దని ప్రవక్తకే ఆదేశించింది. సంఖ్య దగ్గరే ఆగిపోవద్దని చెప్పినప్పుడు చిరునామా దగ్గర ఆగిపోవటం ఏమి తెలివి?

21వ ఆయత్ ను ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. గుహవాసుల సంగతి ఊరికి తెలిశాక, పలుకుబడి గలవారు వారి మీద ఒక ఆరాధనాలయం కడతామన్నారని అందులో ఉంది. కొందరు దీన్ని పుణ్యపురుషుల సమాధుల మీద కట్టడాలకు అనుమతిగా తీసుకున్నారు. కాని ఆ ఆయత్ జరిగిందేమిటో చెప్పిందే తప్ప దాన్ని మెచ్చుకోలేదు. మహాప్రవక్త (సల్లం) తమ ఆఖరి జబ్బులో ఉండి కూడా, ప్రవక్తల సమాధులను ఆరాధనా స్థలాలుగా మార్చుకున్న పూర్వ సమాజాలను శపించారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. మరణశయ్య మీద మనిషి తనకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన విషయమే చెబుతాడు.

ఇంతకీ ఆ యువకులు గుహలోకి ఎందుకు వెళ్ళారు? ఆ గుహ పవిత్రమని కాదు. ఊళ్ళో అల్లాహ్ ను ఆరాధించనివ్వటం లేదు కాబట్టి వెళ్ళారు. గుహలో అడుగు పెడుతూ వారు చేసిన దుఆ 10వ ఆయత్ లో ఉంది. తమ ప్రభువునే నేరుగా కారుణ్యం అడిగారు, తమ వ్యవహారం చక్కబడాలని ఆయన్నే కోరారు. వారు మధ్యలో ఎవరినీ పెట్టలేదు.

హిరా, సౌర్

ప్రపంచంలో ఏదైనా గుహకు యాత్రాస్థలం కాగల అర్హత ఉంటే అది హిరా గుహ. జిబ్రీల్ (అలైహిస్సలాం) మొట్టమొదటి వహీ తెచ్చిన చోటు అది. కాని మహాప్రవక్త (సల్లం) హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కాను జయించి, అక్కడ 19 రోజులు ఉన్నారు. ఆ రోజుల్లో సహాబాను వెంటబెట్టుకుని హిరా కొండ ఎక్కి అక్కడ నమాజ్ చేసినట్లు ప్రామాణిక హదీసుల్లో ఎక్కడా లేదు. వీడ్కోలు హజ్ లో కూడా లేదు. హజ్ విధుల్లో కాబా ఉంది, సఫా మర్వాలున్నాయి, మినా, అరఫాత్ ఉన్నాయి. హిరా లేదు. నేడు హాజీలు ఆ కొండ ఎక్కి చూసి వస్తారు. చూడటంలో తప్పు లేదు, కాని అది హజ్ లో భాగమని, అక్కడి రాళ్ళలో బర్కత్ ఉందని అనుకోవటం తప్పు. రాళ్ళు ఏరి సంచుల్లో తెచ్చుకునే హాజీలను చూస్తే బాధ కలుగుతుంది.

సౌర్ గుహ సంగతీ అంతే. హిజ్రత్ వేళ మహాప్రవక్త (సల్లం), హజ్రత్ అబూబక్ర్ (రజి) మూడు రాత్రులు అందులో దాగి ఉన్నారు. శత్రువుల కాళ్ళు గుహ మొగదాకా వచ్చాయి. అబూబక్ర్ (రజి) తల్లడిల్లితే, అల్లాహ్ మనతో ఉన్నాడని మహాప్రవక్త (సల్లం) ఓదార్చారు. సూరె తౌబా 40వ ఆయత్ లో ఈ సంఘటన ఉంది. సాలీడు గూడు, పావురాల గుడ్ల కథ మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే గానీ, ఆ ఉల్లేఖనాలు బలహీనమైనవని హదీసు పండితులు అంటారు. ఖుర్ఆన్ చెప్పింది కంటికి కనిపించని సైన్యాల సహాయం గురించి. సౌర్ లో వారిని కాపాడింది గుహ కాదని ఆ ఆయతే తేల్చి చెబుతోంది.

గుహలో చిక్కిన ముగ్గురు

బుఖారీ, ముస్లింలలో హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఒక గాథ ఉంది. కరవు ప్రాంతపు మనుషులం మనం దాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుని చదవాలి. పూర్వం ముగ్గురు ప్రయాణికులు వాన నుంచి తప్పించుకుంటూ ఒక గుహలో దూరారు. కొండ మీది నుంచి బండ జారి గుహ మూసుకుపోయింది. ఇక మనల్ని కాపాడేది మన సత్కార్యాలను ముందు పెట్టి అల్లాహ్ ను అడగటమే అనుకున్నారు.

మొదటివాడు పశువులు మేపుకునేవాడు. రోజూ ముసలి తల్లిదండ్రులకు పాలు తాగించాకే పిల్లలకు పోసేవాడు. ఒకరోజు ఇంటికి రావటం ఆలస్యమైంది, వాళ్ళు నిద్రపోయారు. లేపటానికి మనసొప్పలేదు. పిల్లలు కాళ్ళ దగ్గర ఆకలితో ఏడుస్తున్నా, పాలగిన్నె పట్టుకుని తెల్లవార్లూ నిలబడ్డాడు. రెండవవాడు తాను ప్రేమించిన స్త్రీ అవసరంలో ఉండి లొంగిన క్షణాన, ఆమె అల్లాహ్ ను గుర్తుచేయగానే పాపం నుంచి లేచి వచ్చేశాడు, ఇచ్చిన డబ్బు కూడా వదిలేశాడు. మూడవవాడి సంగతి కూలి పనికి పోయేవారూ, కూలీలను పెట్టుకునేవారూ ఇద్దరూ వినదగ్గది. ఒక కూలివాడు తన కూలి తీసుకోకుండా వెళ్ళిపోయాడు. యజమాని ఆ కూలి ధాన్యాన్ని విత్తి, పెంచి, దాంతో పశువులు కొన్నాడు. ఏళ్ళకు ఆ కూలివాడు వచ్చి నా కూలి ఇవ్వమంటే, ఆ మందనంతా చూపించి, ఇదంతా నీదేనని తోలి ఇచ్చాడు. ఒక్కొక్కరి దుఆకు బండ కొంచెం కొంచెం జరిగి, మూడవ దుఆతో వారు బయటపడ్డారు.

వారి దుఆల్లో ఎక్కడా గుహ ప్రస్తావన లేదు. గుహలో అంతకు ముందు ఎవరు తపస్సు చేశారో వారు ఆలోచించలేదు. ముందు పెట్టింది తమ ఇంట్లో, తమ చేనులో చేసిన పనుల్ని. బాబా బుడన్ గిరికి పోవటానికి వడ్డీకి డబ్బు తెచ్చేవారు, ఇంట్లో కూలివాడికి ఇవ్వవలసిన పాత బాకీ ఏమైనా ఉందేమో ఒకసారి చూసుకోవాలి.

ప్రయాణం, మొక్కు

పుణ్యం కోరి ప్రత్యేకంగా ప్రయాణం కట్టటం మూడు మస్జిదులకే అని మహాప్రవక్త (సల్లం) నిర్దేశించారు: మక్కాలోని మస్జిదె హరామ్, మదీనాలోని మస్జిదె నబవీ, జెరూసలేంలోని మస్జిదె అఖ్సా. సహాబా దీన్ని ఎంత గట్టిగా తీసుకున్నారో చూడండి. హజ్రత్ అబూహురైరా (రజి) తూర్ పర్వతానికి వెళ్ళి వస్తున్నారు. అది అల్లాహ్ మూసా (అలైహిస్సలాం)తో సంభాషించిన కొండ. ఖుర్ఆన్ లో అల్లాహ్ దాని మీద ప్రమాణం చేశాడు. అయినా అబూబస్రా గిఫారీ (రజి) ఎదురై, మీరు బయలుదేరక ముందే నాకు కలిసి ఉంటే వెళ్ళనిచ్చేవాణ్ణి కాదని చెప్పి, ఈ మూడు మస్జిదుల హదీసు వినిపించారు. ముఅత్తా, ముస్నద్ అహ్మద్ లలో ఈ ఉల్లేఖనం ఉంది. తూర్ పర్వతం విషయమే ఇలా ఉంటే, చిక్కమగళూరు కొండ మాట వేరే చెప్పాలా?

అయితే లోకం చూడటానికి ప్రయాణం చేయవద్దని ఇస్లాం అనలేదు. భూమ్మీద తిరిగి అల్లాహ్ సృష్టిని చూడమని ఖుర్ఆన్ పలుచోట్ల చెప్పింది. ఎండిన నేల మీద పుట్టిన పిల్లలకు సుమారు 1,895 మీటర్ల ఎత్తైన పచ్చటి కొండను, మన వేదావతి పుట్టిన చోటును చూపించటం మంచి సంగతే. కాఫీ తోటలు చూడండి. యెమెన్ లోని మోఖా రేవు నుంచి బాబా బుడన్ ఏడు కాఫీ గింజలు తెచ్చి 17వ శతాబ్దంలో ఈ కొండల్లో నాటారని ప్రసిద్ధి. ఒక విశ్వాసి నాటిన మొక్క నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అతనికి దానపుణ్యం రాయబడుతుందని బుఖారీ, ముస్లిం హదీసు. ఆ కథ నిజమైతే, ఆ పెద్దమనిషి ఖాతాలో పొద్దున్నే మనం తాగే కాఫీ కూడా జమ అవుతూ ఉండాలి. గుహలో దారాలు కట్టేవారికి ఆయన చేసిన ఈ పని గుర్తుకు రాకపోవటం విచిత్రం.

ఇక మొక్కు. “ఇప్పటికే మొక్కేశాం, తీర్చకపోతే ఏమవుతుందో” అన్న భయం చాలామంది ఆడవాళ్ళ గుండెల్లో ఉంటుంది. దీనికి నేరుగా జవాబు చెప్పే హదీసు సునన్ అబూదావూద్ లో ఉంది. ఒక వ్యక్తి బువానా అనే చోట ఒంటెలను జిబహ్ చేస్తానని మొక్కుకుని మహాప్రవక్త (సల్లం) దగ్గరికి వచ్చాడు. అక్కడ అజ్ఞానకాలంలో పూజలందుకున్న విగ్రహం ఏదైనా ఉండేదా, వారి పండుగ ఏదైనా జరిగేదా అని ఆయన విచారించారు. లేదని తేలాకే మొక్కు తీర్చుకోమన్నారు. మొక్కిన వ్యక్తి జిబహ్ చేసేది అల్లాహ్ కోసమే. అయినా స్థలం గురించి ఇంత విచారణ జరిగింది. కాబట్టి ఇతరుల ఆరాధన జరిగే చోట, అల్లాహ్ కోసమే అని చెప్పుకుంటూ కూడా మేకను కోయకూడదు. బాబా పేర మొక్కినదైతే అది అసలు మొక్కే కాదు. అల్లాహ్ కు అవిధేయత కలిగించే మొక్కును తీర్చవద్దని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. తౌబా చేసుకోండి. ఆ ప్రయాణానికి దాచిన డబ్బుతో పక్కింటి వితంతువు పొయ్యి వెలిగించండి. ఏ కీడూ మిమ్మల్ని వెంటాడదు, మేలూ కీడూ అల్లాహ్ చేతిలోనే ఉన్నాయి. మీ మొక్కు ఎలాంటిదో సందేహం ఉంటే దగ్గరలోని ఆలిమ్ ను అడిగి తెలుసుకోండి.

దారాల గురించి కూడా ఒక మాట. హునైన్ కు వెళ్ళే దారిలో బహుదైవారాధకులు ఆయుధాలు తగిలించే ఒక చెట్టు ఉండేది. పేరు జాతు అన్వాత్. కొత్తగా ఇస్లాం స్వీకరించిన కొందరు, మాకూ అలాంటి చెట్టు ఒకటి ఏర్పాటు చేయమని అడిగారు. మహాప్రవక్త (సల్లం) వారి కోరికను, మూసా (అలైహిస్సలాం)ను ఒక దేవుణ్ణి చేసిపెట్టమన్న ఇస్రాయీల్ సంతతి కోరికతో పోల్చారు. ఇది తిర్మిజీలో ఉంది. వారు విగ్రహం అడగలేదు. చెట్టు మాత్రమే అడిగారు.

గుహ కోసం గొడవ

ఇన్ని మతాల వారు వచ్చే చోటు మత సామరస్యానికి గుర్తు అని పత్రికలు రాస్తుంటాయి. సామరస్యం మాకూ కావలసిందే. కాని బాబా బుడన్ గిరి చరిత్ర వేరే పాఠం చెబుతోంది. 1975లో ఆ స్థలాన్ని వక్ఫ్ బోర్డుకు అప్పగించటంతో మొదలైన వివాదం అర్ధ శతాబ్దంగా కోర్టుల్లో నలుగుతూ వచ్చింది. లోపలి విధులు ముజావర్ ఒక్కడే చేయాలని 2018లో కర్ణాటక ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే, 2021 సెప్టెంబరులో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2022లో ఇరువర్గాలకూ చోటిస్తూ కొత్త ఏర్పాటు జరిగింది. ఏటా దత్త జయంతి వస్తే కొండ నిండా పోలీసులే. అల్ ఖలీల్ పట్టణంలో, అంటే హెబ్రోన్ లో ఇబ్రాహీం (అలైహిస్సలాం) సమాధి గుహ ఉందని యూదులు, క్రైస్తవులు, ముస్లిములు అందరూ గౌరవిస్తారు. అక్కడి ఇబ్రాహీమీ మస్జిదులో 1994 ఫిబ్రవరి 25న, రమజాన్ మాసపు ఫజ్ర్ నమాజ్ లో ఒక యూదు ఉగ్రవాది 29 మందిని కాల్చి చంపాడు. ఆ తర్వాత ఆ కట్టడాన్ని రెండుగా పంచారు. ఒక్క దేవుణ్ణి నమ్మమని చెప్పిన ప్రవక్త పేరున జరిగిన పంపకం అది.

న్యాయంగా మనకు రావలసిన వక్ఫ్ హక్కుల కోసం చట్టప్రకారం అడగటం వేరు. ఆ పని పెద్దలు, లాయర్లు చూసుకుంటారు. కాని ఒక ముస్లిం యువకుడు ఆ గుహ కోసం తిట్టటం, తన్నటం ఇస్లాం కోసం చేసిన పని అనుకుంటే అతను పొరబడ్డాడు. ఇతరులు ఆరాధించే వాటిని దూషించవద్దని సూరె అన్ఆమ్ 108వ ఆయత్ లో స్పష్టమైన ఆజ్ఞ ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) జెరూసలేం వెళ్ళినప్పుడు నమాజ్ వేళకు ప్రధాన చర్చిలో ఉన్నారనీ, అక్కడే చేసుకోమని మతాధిపతి ఆహ్వానించినా, తర్వాతి ముస్లిములు దాన్ని సాకుగా చేసుకుని చర్చిని లాక్కుంటారేమోనని బయటికి వచ్చి చేశారనీ చరిత్రకారులు రాశారు. గెలిచినవాడి జాగ్రత్త అది.

మన గుమ్మఘట్ట, రాయదుర్గం ఊళ్ళలో హిందూ ముస్లిం కలిసి బతకటానికి ఒకే రాయికి మొక్కనవసరం లేదు. ఒకరి బావి ఎండితే ఇంకొకరు తడి ఇస్తారు, చావింటికి అందరూ వస్తారు, పెళ్ళికి పిలుచుకుంటారు. ఆ స్నేహం నిజమైనది, దాన్ని కాపాడుకోవాలి. హిందూ సోదరుడు మనల్ని కొండకు తోడు రమ్మంటే, ప్రేమతోనే చెప్పవచ్చు: “అన్నా, కొండ దాకా వస్తాను, తోటలు చూద్దాం. నేను తీర్థం పుచ్చుకోను, నువ్వు ఏమీ అనుకోవద్దు.” నిజమైన స్నేహితుడు ఏమీ అనుకోడు.

వాన కావాలంటే

చివరికి మళ్ళీ వాన దగ్గరికే రావాలి. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో, హిజ్రీ 18లో అరేబియా అంతా కరవుతో మాడిపోయింది. గాలికి బూడిదలా దుమ్ము లేచిందని ఆ సంవత్సరానికి బూడిద ఏడు అని పేరు వచ్చింది. మహాప్రవక్త (సల్లం) సమాధి మదీనాలో, అందరి కళ్ళ ముందే ఉంది. అంతకన్నా గొప్ప సమాధి భూమ్మీద ఏది? అయినా ఉమర్ (రజి) కరవు వేళల్లో అక్కడికి పోయి అడగలేదు. బతికి ఉన్న ప్రవక్త పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) చేత వాన కోసం అల్లాహ్ కు దుఆ చేయించారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. బతికి ఉన్న సజ్జనుణ్ణి మన కోసం దుఆ చేయమని అడగవచ్చు, అది ధర్మసమ్మతమే.

ప్రవక్త నూహ్ (అలైహిస్సలాం) తన జాతికి ఇచ్చిన సలహా సూరె నూహ్ 10 నుంచి 12వ ఆయత్ వరకు ఉంది. ప్రభువును క్షమాభిక్ష అడగండి, ఆయన ఆకాశాన్ని మీ మీద ధారాళంగా కురిపిస్తాడన్నది దాని సారాంశం. ఇస్తిగ్ఫార్ కు బస్సు చార్జీలు అక్కర్లేదు. ఎండిన కుంట గట్టు మీద కూర్చుని కూడా చేయవచ్చు.

వాన కోసం ప్రత్యేక నమాజ్ ఉంది, సలాతుల్ ఇస్తిస్ఖా. ఊరి బయట బయలులో అందరూ చేరాలి. పాత బట్టలతో, వినయంగా, తగాదాలు తీర్చుకుని, ఉన్నంతలో సదఖా ఇచ్చి రావాలి. మహాప్రవక్త (సల్లం) ఇలా ప్రజలను బయలుకు తీసుకుపోయి, ఖిబ్లా వైపు తిరిగి దుఆ చేసి, తమ దుప్పటిని తిరగవేసుకుని, రెండు రకాతులు బిగ్గరగా ఖిరాఅత్ తో చేశారని హజ్రత్ అబ్దుల్లా బిన్ జైద్ (రజి) చెప్పారు. ఇమాం వెనకాల జమాఅత్ అంతా చేతులు పైకెత్తి వేడుకోవాలి. ఒకరోజుకు వాన రాకపోతే మరోరోజు మళ్ళీ చేయవచ్చు. ఈ ఏడు మృగశిర, ఆరుద్ర కార్తెలు వట్టిపోతే మీ మస్జిద్ కమిటీ ముందు ఈ మాట పెట్టండి. పొలాలకు దగ్గరగా ఉన్న ఈద్గా అయితే పశువుల్ని మేపే పిల్లలు కూడా వచ్చి వరుసలో నిలబడగలుగుతారు. నమాజ్ విధానం తెలియకపోతే ముందు జుమా నాడే ఇమాం గారితో ఒకసారి చెప్పించుకోవాలి, ఆడవాళ్ళకు పరదా ఏర్పాటు ఎక్కడ అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి.